రెండు చుట్లు వెనక్కి

ఆటోకి సెల్ఫ్ స్టార్టర్ లేదు.

గోవిందరాజులు ఆ ఒక్క ముక్కా పుస్తకంలో రాసుకుని కింద గీత గీశాడు. బుధవారం ఉదయం ఎనిమిదిన్నర. టెక్కలి సర్కిల్ స్టేషన్ వెనక ఆవరణలో నిలబెట్టిన ఆటో చుట్టూ అతను అప్పటికి అరగంటగా తిరుగుతున్నాడు. మోకాళ్ళ మీద కూచుని అడుగుభాగం చూశాడు. టేపు పెట్టి ముక్కు ఎత్తు కొలిచాడు. డ్రైవర్ సీటు పక్కనున్న ఇనప చెయ్యిని పైకి లాగి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఆపాడు. మళ్ళీ లాగాడు, మళ్ళీ ఆపాడు.

అతను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు. జనం నోట్లో బ్రేక్ ఇన్‌స్పెక్టరు. రోడ్డు మీద ఎవరైనా చనిపోతే, గుద్దిన బండిని పరీక్షించి తప్పు యంత్రానిదో మనిషిదో రాసివ్వడం అతని పని. పలాసలో కాపురం. ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా ముప్పై ఏళ్ళలో అతను రాసిచ్చిన కాగితాల మీద కొందరు జైలుకెళ్ళారు, కొందరు ఇంటికెళ్ళారు. ఆ లెక్క తనకి ఎప్పుడూ మరుపు రాదని భార్య బాలాత్రిపురసుందరితో అంటుండేవాడు.

ఈసారి చనిపోయినవాడు రామూర్తి. మూలపేట దగ్గర చేపల వేట మీద బతికే మనిషి. సోమవారం తెల్లవారుజామున ఫస్టు బస్సు అందుకోవడానికి సైకిలెక్కి నౌపడ వైపు వస్తుంటే, ఉప్పుమడుల పక్కన ఏదో బండి వెనకనుంచి గుద్ది వెళ్ళిపోయింది. ఐదూ ముప్పై అయిదుకి అదే దారిన వస్తున్న ప్రేమ్‌కుమార్ అనే ఆటో డ్రైవరు అతన్ని ఎత్తి ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తెచ్చాడు. ఆరూ ఇరవైకి ఆస్పత్రి మెట్ల దగ్గరే రామూర్తి ప్రాణం పోయింది. మధ్యాహ్నానికల్లా పోలీసులు ప్రేమ్‌కుమార్‌నే పట్టుకున్నారు. గుద్దింది అతనేనట. భయపడి తనే తెచ్చి ఆస్పత్రిలో పడేశాడట.

రామూర్తి సైకిల్ గోడకి ఆనించి ఉంది. వెనక చక్రం, సీటు కింది కడ్డీ రెండూ ఒకే ఎత్తున అడ్డంగా, తిన్నగా అణిగిపోయాయి. ఆటో ముక్కు గుండ్రం. అది గుద్దితే సైకిల్ పక్కకి ఎగిరి పడుతుందే తప్ప ఇలా బల్లకేసి నొక్కినట్టు అణగదు. వెడల్పాటి ఇనప బంపర్ ఉన్న బండి ఏదో చేసిన పని ఇది.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గిరీష్ వరండాలోంచి దిగి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. నలగని ఖాకీ, గొంతు పెంచని మాట. రిపోర్టు అయిందా అని అడిగాడు. గోవిందరాజులు సైకిల్ వైపు చూపించి తన అనుమానం చెప్పాడు. ఆ దారిలో తిరిగే జీపులూ పికప్‌లూ ఏమున్నాయని అడిగాడు.

"మీరు బ్రేకులు చూసి రాయండి, గోవిందరాజులు గారూ," అన్నాడు గిరీష్. "మనుషుల సంగతి మేం రాసుకుంటాం."

"బ్రేకులు బాగున్నాయి. రాశాను. అడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు."

గిరీష్ లోపలికెళ్ళి ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. ఆ చుట్టుపక్కల అలాంటి బండి ఒకటే ఉందట. చేపల వ్యాపారి తారకేశ్వరరావుది, మిలటరీ వాళ్ళు అమ్మేసినప్పుడు కొన్న పాత పెట్రోల్ పికప్. రావివలస దారిలో ఢిల్లీరావు మెకానిక్ షెడ్డులో ఉంది. అందులో కార్బొరేటర్ లేదు. ఆదివారం సాయంత్రమే విప్పి, కిరసనాయిలు పళ్లెంలో నానబెట్టారు. సోమవారం ఉదయం ఏడున్నరకి గిరీష్ స్వయంగా వెళ్ళి, ఇద్దరు మధ్యవర్తుల ఎదట చూసి పంచనామా రాశాడు. కార్బొరేటర్ లేకపోతే ఇంజిన్‌కి పెట్రోలు అందదు. పెట్రోలు అందని బండి అంగుళం కదలదు. అందులో వాదించడానికి ఏమీ లేదు.

గోవిందరాజులు కాగితం రెండుసార్లు చదివాడు. తప్పులేవీ లేవు. కాని ఒకటి మింగుడుపడలేదు. రామూర్తి చనిపోయింది ఆరూ ఇరవైకి. ఏడున్నరకి పికప్ మీద పంచనామా అయిపోయింది. గంటా పది నిమిషాల్లో. ఆ బండి మీద అప్పటికి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఎవరూ అడగని ప్రశ్నకి ముందే జవాబు ఎందుకు రాసి పెట్టుకున్నట్టు?

ఆ మాట పైకి అనలేదు. ప్రేమ్‌కుమార్‌తో రెండు నిమిషాలు మాట్లాడాలన్నాడు. గిరీష్ కాదనలేదు గాని పక్కనే నిలబడ్డాడు.

కవిటి కుర్రాడు. ఇరవై ఆరేళ్ళు. చొక్కా మీద రామూర్తి రక్తం ఎండి నల్లబడింది. రెండు రోజులుగా మార్చుకోవడానికి ఇంకోటి ఇవ్వలేదు. ఆదివారం రాత్రి చుట్టాల్ని మూలపేటలో దింపి, అక్కడే పడుకుని, తెల్లారగట్ల తిరిగి బయల్దేరాడట. తను వచ్చేసరికే అక్కడొక మనిషి ఉందని చెప్పాడు.

"చేపల తట్టతో ముసిలామి, సార్. ఆయన తల ఒళ్ళో ఎట్టుకుని కూకుంది. ఇద్దరం కలిసి ఎత్తినాం. ఆయమ్మని అడగండి సార్."

అలాంటి మనిషెవరూ విచారణలో తేలలేదన్నాడు గిరీష్. గోవిందరాజులు లాకప్ ఊచల దగ్గర్నుంచి కదులుతూ, సోమవారం మధ్యాహ్నం పట్టుకున్న మనిషిని ఇరవై నాలుగు గంటల్లో కోర్టులో హాజరుపరచాలి గదా, నేడు బుధవారం గదా అన్నాడు.

"ఈరోజే తీసుకెళ్తున్నాను," అన్నాడు గిరీష్. "మీరు మీ రిపోర్టు పది గంటలకల్లా పంపించండి."

గోవిందరాజులు రిపోర్టు పంపలేదు. స్కూటర్ తీసి టెక్కలి చేపల బజారుకి వెళ్ళాడు. బుధవారం మూలపేట వైపు ఆడవాళ్ళు తట్టలు పట్టుకుని వస్తారని అతనికి తెలుసు. సోమవారం తెల్లారి ఉప్పుమడుల దగ్గర ఎవరున్నారని ఇద్దరిని అడిగితే తెలియదన్నారు. మూడో ఆమె వరస చివర ఎండుచేపల ముందు కూచున్న రాజులమ్మ వైపు చూసింది.

అరవై దాటిన మనిషి. ఆమె ముందు అనుమానంగా చూసింది. పోలీసా అని అడిగింది. కాదనీ, బండ్లు చూసేవాణ్ణనీ, ప్రేమ్‌కుమార్‌ని జైల్లో పెట్టారనీ అతను చెప్పాక, చేతిలో చేపని తట్టలో పెట్టేసింది. తను స్టేషన్‌కి వెళ్ళిందట. సోమవారమే వెళ్ళిందట. నీకేం తెలీదు పో అని గేటు దగ్గరే తరిమేశారట.

ఆమె చెప్పింది ఇది. తట్ట నెత్తిన పెట్టుకుని మడి గట్టు మీదుగా ఆమె కూడా ఆ బస్సుకే వస్తోంది. తెల్లారగట్ల ప్యాసింజరు రైలు నౌపడ దగ్గర కూసి వెళ్ళిన కాసేపటికి రోడ్డు మీద పెద్ద చప్పుడైంది. ప్యాసింజరు నౌపడ దాటేది ఐదూ ఐదుకి. గోవిందరాజులు ఐదూ పది అని రాసుకున్నాడు. చీకటి ఇంకా విడలేదు. మంచు. ఆమెకి బండి కనిపించలేదు, దాని వెలుగే కనిపించింది. ఎవరో దిగి టార్చి వేసి కింద చూశారు. సాయం చేస్తారనుకుని ఆమె గబగబా నడిచింది. టార్చి ఆరిపోయింది.

"ఇంజను ఆగిపోనాది బావూ," అంది రాజులమ్మ. "గుర్రు గుర్రుమని తిప్పినాడు. మూడుపాళ్ళు తిప్పినా లెగలేదు. నాలుగో పాలికి ముసిలోడు దగ్గినట్టు దగ్గి లెగిసింది. ఎల్లిపోనాది. నాను సేరేతలికి రామూర్తి కళ్ళు తెరిసే ఉన్నాడు. మంచినీల్లు అడిగినాడు. నా కాడ నేవు."

గోవిందరాజులు కలం ఆపి ఆమె ముఖం చూశాడు. గుర్రు గుర్రుమని తిప్పాలంటే సెల్ఫ్ స్టార్టర్ ఉండాలి. ఆటోని చెయ్యి లాగి లేపుతారు. ఇక డీజిలు లారీ బ్రేకు వెయ్యగానే ఆగిపోయి దగ్గుకుంటూ లేవదు. అది పెట్రోలు బండి. ట్యూనింగ్ చెడిన పాత పెట్రోలు బండి.

ఆ చప్పుడు మళ్ళీ వింటే పోల్చుకోగలవా అని అడిగాడు. ఆమె తట్ట పక్కామెకి అప్పగించి లేచింది.

ఢిల్లీరావు షెడ్డు రావివలస దారిలో రోడ్డు కలిసే చోట ఉంది. రేకుల కప్పు, నూనె తాగి నల్లబడ్డ నేల, గోడకి వరసగా స్పానర్లు. పికప్ లోపల నీడలో నిలబడి ఉంది. ఎడమ హెడ్‌లైటు అద్దం కొత్తది. కుడిదాని అద్దం పాతబడి పసుపు తిరిగింది.

ఢిల్లీరావు నలభై అయిదేళ్ళవాడు. ఈ ప్రాంతంలో పాత పెట్రోలు ఇంజిన్ల మీద అతని చెయ్యి పడితే తిరుగుండదని పేరు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ని చూసి లేచి నిలబడ్డాడు గాని ఎప్పట్లా నవ్వలేదు. గోవిందరాజులు అడక్కుండానే చెప్పడం మొదలెట్టాడు. ఆదివారం సాయంత్రం కార్బొరేటర్ విప్పాడట. రాత్రంతా నానబెట్టాడట. సోమవారం తొమ్మిదింటికి ఎక్కించి ట్యూనింగ్ చేశాడట. మాటలు వరస తప్పలేదు. పిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు కళ్ళు కిందికి దించి చెప్పాడు.

గోవిందరాజులు బోనెట్ ఎత్తి చాలాసేపు ఏమీ ముట్టుకోకుండా చూశాడు.

కార్బొరేటర్ ఇంజిన్ మీద రెండు నట్లతో కూచుని ఉంటుంది. దాన్ని పైకి తియ్యాలంటే ఆ రెండూ విప్పక తప్పదు. విప్పిన నట్టు మూలలు స్పానర్ రాపిడికి మెరుస్తాయి. ఈ నట్ల మీద ఏళ్ళ తరబడి దుమ్మూ నూనే కలిసి గట్టిపడ్డ మడ్డి అలాగే ఉంది. గోరుతో గీకాడు. రాలేదు. నట్ల కింద అతుకుకి పెట్టే అట్ట, గ్యాస్కెట్, అంచు కాలి నల్లబడి పగుళ్ళిచ్చింది. ఒక్కసారి ఎత్తితే ముక్కలైపోయే రకం.

ఈ కార్బొరేటర్ ఆదివారం కిందికి దిగలేదు. ఈ రెండేళ్ళలో ఎప్పుడూ దిగలేదు.

అయితే దాని మీద చెయ్యి పడలేదని కాదు. ఐడిలింగ్ స్క్రూ పక్కకి అతని కళ్ళు వెళ్ళాయి. ఇంజిన్ ఖాళీగా ఉన్నప్పుడు ఎంత వేగంగా తిరగాలో పట్టి ఉంచేది ఆ చిన్న స్క్రూయే. మరీ తగ్గిపోతే, యాక్సిలేటర్ మీంచి కాలు తీసి బ్రేకు వెయ్యగానే ఇంజిన్ చచ్చిపోతుంది. ఢిల్లీరావుకి ఒక అలవాటుంది. ట్యూనింగ్ అయ్యాక స్క్రూ తలమీదా దాని పక్క ఇనుము మీదా కలిపి ఎర్రరంగు గీత పెడతాడు. తన తరవాత ఎవరైనా తిప్పితే గీత విడిపోతుంది, తెలిసిపోతుంది. ఇక్కడ గీత విడిపోయి ఉంది. సగం ఇనుము మీద, సగం స్క్రూ తల మీద. రెండూ పాతబడ్డ రంగే. కలవడం మాత్రం లేదు. స్క్రూ గాడిలో కొత్త గీతలు ఇత్తడి రంగులో మెరుస్తున్నాయి.

క్యాబిన్‌లో బండి కాగితాలు తీసి చూశాడు. జూన్ నెల ఫిట్‌నెస్ సర్టిఫికెట్. కింద తన సంతకమే. ఆ రోజు గుర్తొచ్చింది. ఎండ. నలభై బండ్ల వరస. ఈ బండికి లైట్లు చూశాడు, బ్రేకు తొక్కి చూశాడు, ఇంజిన్ స్టార్ట్ చేయించలేదు. చేయించి ఉంటే దగ్గు అప్పుడే వినిపించేది. గోవిందరాజులు కాగితం మడిచి యథాస్థానంలో పెట్టాడు. పుస్తకం తెరిచి, 'ఈ బండికి జూన్‌లో ఫిట్‌నెస్ ఇచ్చింది నేను, ఇంజిన్ పరీక్షించకుండా' అని రాసుకున్నాడు. 

తరవాత రాజులమ్మని షెడ్డు బయటికి తీసుకెళ్ళి, గోడకి అవతల బోర్లించిన డ్రమ్ము మీద కూచోబెట్టాడు. ఇటు చూడొద్దన్నాడు. మూడుసార్లు వినిపిస్తాననీ, ఒక్కటీ కాకపోయినా కాదనే చెప్పమనీ అన్నాడు.

మొదటిసారి బండి ఉన్నది ఉన్నట్టు తీశాడు. రోడ్డు మీద యాభై గజాలు నడిపి గట్టిగా బ్రేకు వేశాడు. బండి ఆగింది. ఇంజిన్ ఆగలేదు. మెత్తగా, నిలకడగా తిరుగుతూనే ఉంది.

"ఇది గాదు," అంది రాజులమ్మ గోడ అవతలినుంచి.

స్క్రూడ్రైవర్ తీసుకుని ఒక చుట్టు వెనక్కి తిప్పాడు. మళ్ళీ నడిపాడు. ఈసారి బ్రేకు వెయ్యగానే ఇంజిన్ కిందికి దిగి, వణికి, తేరుకుంది. కాదంది. ఢిల్లీరావు షెడ్డు గుంజ పట్టుకుని చూస్తున్నాడు. 

ఇంకో చుట్టుకి కాస్త తక్కువగా తిప్పాడు. ఎర్రగీత రెండు సగాలూ తిన్నగా కలిశాయి. అంటే బండి ఇన్నాళ్ళూ ఉన్న చోటు ఇదే. సోమవారం తెల్లారి కూడా ఇదే. యాభై గజాలు నడిపి బ్రేకు వేశాడు.

ఇంజిన్ చచ్చిపోయింది.

తాళం తిప్పాడు. గుర్రు గుర్రు. లేవలేదు. రెండోసారి, మూడోసారి. నాలుగోసారి రెండు మూడు సార్లు దగ్గి, పొగ కక్కి, లేచింది.

 గోవిందరాజులు దిగి గోడ అవతలికి వెళ్ళాడు. రాజులమ్మ డ్రమ్ము మీంచి జారి నేలమీద కూచుని ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె తేరుకునేదాకా అతను ఆగాడు.

"ఇదే," అంది చివరికి. "ఈ దగ్గు మూడు దినాల బట్టి నా సెవిలోనే ఉంది, బావూ."

అప్పుడే టెక్కలి వైపునుంచి పోలీసు జీపు వచ్చి షెడ్డు ముందు ఆగింది. గిరీష్ తనే నడుపుతున్నాడు. వెనక కానిస్టేబుల్ నారాయణరావు, అతని పక్కన బేడీలతో ప్రేమ్‌కుమార్. రాజులమ్మ ఆ కుర్రాణ్ణి చూసి లేచి నిలబడింది. రామూర్తిని ఎత్తింది ఇతనే అని ఎవరూ అడక్కుండానే చెప్పింది.

గిరీష్ ఆమె వైపు చూడలేదు. కోర్టుకి బయల్దేరి, బజారులో విచారించి ఇటు తిప్పానన్నాడు. రిపోర్టు పది గంటలకి పంపమంటే పదకొండున్నరకి ఇక్కడ ఏం చేస్తున్నారని అడిగాడు. విచారణ చెయ్యడానికి, సాక్షుల్ని వెంటేసుకు తిరగడానికి అధికారం ఎవరిచ్చారన్నాడు. పై అధికారికి రాస్తానన్నాడు. గోవిందరాజులు విన్నాడు. తప్పకుండా రాయమన్నాడు. తరవాత అతన్ని పికప్ దగ్గరికి పిలిచి నట్ల మీది మడ్డి చూపించాడు. పగిలిన గ్యాస్కెట్ చూపించాడు.

"మీ పంచనామా అబద్ధం, సి.ఐ. గారూ. ఈ కార్బొరేటర్ ఆదివారం విప్పలేదు. ఈ బండి సోమవారం పొద్దున్న కదిలింది."

"పళ్లెంలో కార్బొరేటర్‌ని నేను చూశాను. మధ్యవర్తులిద్దరూ చూశారు. సంతకాలు పెట్టారు."

"చూశారు. అది నిజమే. కాని అది ఈ బండిది కాదు. మరి ఎవరిది?"

 గోవిందరాజులు ఆ ప్రశ్న గిరీష్‌ని అడిగాడు గాని చూస్తున్నది ఢిల్లీరావుని. ఢిల్లీరావు తలెత్తలేదు. ఒక్కసారి మాత్రం అతని చూపు షెడ్డు బయటికి, ఆగి ఉన్న పోలీసు జీపు మీదికి వెళ్ళి, కాలినట్టు వెనక్కి వచ్చింది.

గోవిందరాజులు కూడా అటు చూశాడు. స్టేషన్ జీపు. ఇప్పుడు కొత్తవన్నీ డీజిలువే వస్తున్నాయి గాని ఇది పాతది, పెట్రోలుది. పికప్‌కున్న ఇంజినే దీనికీ.

అతను జీపు వైపు నడిచాడు. గవర్నమెంటు బండిని ముట్టుకోవద్దన్నాడు గిరీష్. గవర్నమెంటు బండి బాగుందో లేదో రాసేది కూడా తనేనంటూ గోవిందరాజులు బోనెట్ కొక్కేలు విప్పి ఎత్తాడు.

కార్బొరేటర్ కడిగిన గిన్నెలా ఉంది. రెండు నట్ల మూలలూ స్పానర్ రాపిడికి మెరుస్తున్నాయి. కింద కొత్త గ్యాస్కెట్, ఇంకా నూనె పట్టని లేత గోధుమరంగు అంచుతో. ఐడిలింగ్ స్క్రూ మీద ఎర్రగీత తాజాగా, తడి ఆరి రెండు రోజులైనా కాలేదన్నట్టు ఉంది.

"సోమవారం పొద్దున్న కార్బొరేటర్ లేనిది ఈ జీపుకి," అన్నాడు గోవిందరాజులు.  "మరి ఆ తెల్లారగట్ల మీరు ఏ బండిలో తిరిగారు?"

 జవాబు చెప్పింది ఢిల్లీరావు. గుంజ వదిలి రెండడుగులు ముందుకొచ్చి, గిరీష్ ముఖం చూడకుండా, పికప్ వైపు చూస్తూ చెప్పాడు.

"ఆదివారం సందేల ఈ జీపుకి పెట్రోలు కారిపోతంటే తోసుకొచ్చినారు సార్. నాను కార్బేటరు దించీసి నానబెట్టినాను. సముద్రం వైపు అర్జెంటు పనుందని సారు పికప్ తాళాలు అడిగినారు. బండి తారకేశ్వరరావు గారిది, ఆయన్ని అడగాల అన్నాను. అడగక్కర్నేదన్నారు. జీపు డ్రైవరు సెలవులో ఉన్నాడు. సారొక్కరే తోలుకెల్లినారు. ఆరుగంటలకి తెచ్చి ఇచ్చినారు. దీపం పగిలిపోనాది. కుక్క అడ్డొచ్చిందన్నారు." పికప్ ఎడమ దీపం వైపు చెయ్యి చూపించాడు.  "బ్రేకేత్తే ఇంజను ఆగిపోతంది, ముందది సరిసెయ్ అన్నారు. సేసినాను. రెండు సుట్లు. ఏడున్నరకి మనుషుల్ని ఎంటబెట్టుకొచ్చి, పళ్లెంలోది పికప్‌దని సెప్పమన్నారు. ఎనిమిదింటికి తెలిసినాది నాకు, అది కుక్క కాదని."

రాజులమ్మ గిరీష్‌కి ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె అతని భుజాల దాకా కూడా రాలేదు. అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు.

"దిగి సూసినావు గదా," అంది. "ఊపిరుందని సూసినావు గదా."

జీపులో ప్రేమ్‌కుమార్ తల వంచుకుని ఏడుస్తున్నాడు. కానిస్టేబుల్ నారాయణరావు ఎటు చూడాలో తెలియక తన చేతులు చూసుకుంటున్నాడు. గోవిందరాజులు మనసులో కాలం లెక్క తనంతటదే తిరిగింది. ఐదూ పదికి గుద్దింది. ఐదూ ముప్పై అయిదు దాకా ఆ మనిషి రోడ్డు మీద పడి ఉన్నాడు. ఆ ఇరవై అయిదు నిమిషాలు ముందు ఆస్పత్రికి చేరి ఉంటే ఆ మెట్లు ఎక్కేవాడేమో. గుద్దడం ప్రమాదం కావచ్చు. టార్చి ఆర్పడం ప్రమాదం కాదు.

గిరీష్ చేతి గడియారం చూసుకున్నాడు. బోనెట్ దించి కొక్కేలు బిగించాడు. 

"ఒక మెకానిక్ మాట. చేపలమ్ముకునే మనిషి చెవి," అన్నాడు. "ఇదేనా మీ రిపోర్టు?"

"వాటి కింద నా సంతకం కూడా ఉంటుంది. జూన్‌లో నేను చేసిన తప్పు కూడా ఉంటుంది. మీరు కోర్టుకే వెళ్తున్నారు గదా, నేనూ వస్తాను. అక్కడే ఇస్తాను."

 గిరీష్ నారాయణరావుని కిందికి దిగమన్నాడు. ఈ పికప్ ఇప్పుడు సాక్ష్యమట, ఎవరూ ముట్టుకోకుండా ఇక్కడ కాపలా ఉండాలట. నారాయణరావు దిగడానికి తటపటాయించాడు. ముద్దాయి పక్కన ఎస్కార్టు లేకుండా ఎలా అని గొణిగాడు. దిగమన్నానన్నాడు గిరీష్, అదే గొంతుతో. అతను దిగాడు.

"ఈ కుర్రాడు నిన్నటినుంచీ పారిపోవాలని చూస్తున్నాడు, గోవిందరాజులు గారూ," అన్నాడు గిరీష్ స్టీరింగ్ ముందు కూచుంటూ. "దారిలో ఏం చేస్తాడో చెప్పలేం."

ప్రేమ్‌కుమార్ తలెత్తాడు. పారిపోతుంటే కాల్చాననడానికే ఆ మాటని అందరికంటే ముందు అతనికి అర్థమైంది. సార్ అని ఒక్కసారి పిలిచాడు. బేడీల చేతులు సీటు కడ్డీకి కట్టి ఉన్నాయి. గోవిందరాజులు జీపు వైపు పరిగెత్తాడు. యాభై ఏడేళ్ళ కాళ్ళు. జీపు ఒక్క తిప్పుకే లేచి, గొంతు సవరించుకున్నంత చప్పుడు కూడా చెయ్యకుండా, అతని చేతికి ఒక మూర దూరంలో కదిలిపోయింది.

రోడ్డు కలిసే చోట ఎడమకి తిరిగితే టెక్కలి, కోర్టు. కుడికి తిరిగితే నౌపడ, ఉప్పుమడులు, ఆ తరవాత మనుషుల్లేని సముద్రపొడ్డు.

జీపు కుడికి తిరిగింది.

ముందుగా తేరుకున్నవాడు నారాయణరావు. కోర్టు అటు కాదు సార్ అన్నాడు, ఎవరితోనూ కానట్టు. అప్పటికే గోవిందరాజులు పికప్ స్టీరింగ్ ముందున్నాడు. ఢిల్లీరావు స్క్రూడ్రైవర్ పట్టుకుని బోనెట్ వైపు వచ్చాడు, రెండు నిమిషాలిస్తే స్క్రూ మళ్ళీ బిగించేస్తానన్నాడు. రెండు నిమిషాలు లేవన్నాడు గోవిందరాజులు. బ్రేకు ముట్టుకోకుండా నడుపుతానన్నాడు.

ఢిల్లీరావు పక్కసీట్లోకి ఎక్కాడు. రాజులమ్మ చీర చెంగు నడుముకి బిగించి, ఎవరి సాయమూ తీసుకోకుండా వెనక తొట్టెలోకి ఎక్కింది. నారాయణరావు ఒక్కడే నేలమీద మిగిలాడు. పికప్‌ని కదలనివ్వకూడదని అతనికున్న ఆర్డరు. పదకొండేళ్ళ సర్వీసులో ఆర్డరు తప్పిన మనిషి కాదు. కుడి దారిలో లేచిన దుమ్ము వైపు చూశాడు. తుపాకీ భుజం మీంచి తీసి చేతిలోకి తీసుకుని, వెనక చక్రం మీద కాలు పెట్టి ఎక్కి, రాజులమ్మ పక్కన నిలబడ్డాడు.

"పోనివ్వండి సార్," అన్నాడు.